తువ్వాలు కింద ఎన్ని చేతులు

"ఆ గ్లౌజులు ఇంట్లో ఉంటే నేనుండను," అంది సరోజ.

అత్తని అందో, మరిదిని అందో, గోడకి చేరగిలబడి మామిడికాయలు కోసే చిక్కం అల్లుకుంటున్న మొగుణ్ణి అందో ఆమెకే తెలియదు. ముగ్గురూ విన్నారు. ముగ్గురూ విననట్టే ఉన్నారు.

గ్లౌజులు దేవుడి పటం ముందు పీట మీదున్నాయి. అచ్చమ్మ వాటికి కుంకుమబొట్లు కూడా పెట్టింది. పొద్దున్నే షావుకారు శ్రీమన్నారాయణ గారి గుమాస్తా జీపులో వచ్చి, "ఆంజనేయులూ, ఇకనుంచి గోల్‌కీపరువి నువ్వే," అని ఇచ్చిపోయాడు. కొత్తవి కూడా కావు. మొన్న సెమీఫైనల్‌లో పరదేశి వేసుకున్నవే. అన్నని జన్మంతా బంతి ముట్టుకోవద్దని వెలివేసిన వారం తిరక్కుండానే అన్న గ్లౌజులు తమ్ముడికి పంపించాలంటే మనిషికి చాలా తీరికన్నా ఉండాలి, చాలా ధైర్యమన్నా ఉండాలి. షావుకారు గారికి రెండూ ఉన్నాయి.

"ఎందుకుండకూడదే?" అంది అచ్చమ్మ ఎట్టకేలకు. "పెద్దోడి కూడు పోయింది. చిన్నోడిది కూడా కాలదన్నుకుందామా?"

"పెద్దోడిది ఎవరు పోగొట్టారత్తా?"

"నాకు తెలవదు. నేను ఆట చూడను."

"నీ కొడుకుని దొంగని చేసి గెంటినోళ్ళు, అదే చేత్తో రెండో కొడుక్కి పెడితే నీకు తియ్యగా ఉందా?"

అచ్చమ్మ మొహం చిన్నబోయింది. సరోజ ఆమెకి కోడలు కాకముందే మేనకోడలు. తమ్ముడి కూతురు అన్న మాట పరాయి పిల్ల అన్న మాట కన్నా ఎక్కువ తగులుతుంది.

"నేనేం అడిగి తెచ్చుకోలేదు వదినా," అన్నాడు ఆంజనేయులు. ఇన్నాళ్ళూ రిజర్వులో కూర్చుని అన్న ఆట చూసినవాడు. "వద్దంటే ఇంకోడికిస్తారు. ఆ జీతం మనింటికి వస్తే తప్పా?"

"మీ అన్ననడుగు."

పరదేశి తల ఎత్తలేదు. చిక్కంలో ఒక ముడి వేసి, లాగి, ఇంకో ముడి వేశాడు. కాయ కోతకి ఇంకా రెండు నెలలుంది. ఈ లోపు చిక్కాలతో పనేంటని అడిగేవాళ్ళు లేరు. తీర్పు వచ్చిన దగ్గర్నుంచి అతను చేస్తున్న పని అదొక్కటే.

మామిడి వర్తకులు పెట్టుకున్న ఫుట్‌బాల్ లీగు అది. పూత కనిపించిన దగ్గర్నుంచి కాయ దిగేదాకా యార్డుల్లో పని ఉండదు. ఆ ఖాళీలో వర్తకులు తలా ఒక టీముని జీతాలిచ్చి మేపుతారు. వేసంగిలో బుట్టలు మోసే మనుషులే పూత రోజుల్లో బంతి ఆడతారు. అదే పూత రోజుల్లో తోటల బేరాలు కూడా జరుగుతాయి. బేరమంటే తువ్వాలు కింద చేతులు కలపడం. చుట్టూ జనం చూస్తుంటారు, కింద వేళ్ళు మాట్లాడుకుంటాయి. ఏ వేలికి ఎంత ధర పలికిందో ఆ ఇద్దరికి తప్ప మూడో మనిషికి తెలియదు, తెలియకూడదు. శ్రీమన్నారాయణ గారు పెద్ద తోటల బేరానికి పరదేశినే పంపేవారు. వీడికి అరచెయ్యి పెద్దది, నోరు చిన్నది అని నలుగురిలో మెచ్చుకునేవారు.

సెమీఫైనల్‌కి ముందురోజు హనుమాన్ జంక్షన్‌లో టీ కొట్టు ముందు, అవతలి టీము యజమాని కుటుంబరావు గారి చేతిలో పరదేశి చెయ్యి తువ్వాలు కింద ఉండటం చాలామంది చూశారు. పూత రోజుల్లో అందులో వింతేముంది. మర్నాడు పరదేశి మూడు గోల్సు వదిలాకే ఆ తువ్వాలు అందరికీ గుర్తొచ్చింది.

బేరంలో ఎవరి చెయ్యి ఉంటే మాట వాళ్ళదేనని యార్డులో కట్టుబాటు. కమిటీలో ఉన్నవాళ్ళందరూ యార్డు మనుషులే కాబట్టి ఆ కట్టుబాటునే ఆటకీ తగిలించారు. పరదేశికి జన్మంతా నిషేధం. శ్రీమన్నారాయణ గారికి ఒక మందలింపు. కుటుంబరావు గారికి అదీ లేదు. చెయ్యి చాచినవాడిది తప్పుగానీ అందుకున్నవాడిది కాదట. ఆయన టీము ఫైనల్‌కి వెళ్ళింది.

"బావా," అంది సరోజ. "రేపు ఆదివారం ఆఖరి విచారణ. కమిటీలో జోజిబాబు మాస్టారు ఇంటికొచ్చి మరీ చెప్పి వెళ్ళారు. పంపిందెవరో చెబితే నీ శిక్ష ఒక్క ఏడాదికి దించుతారంట. చెబుతావా చెప్పవా?"

"తువ్వాలు కింద మాట పైకి రాకూడదే."

"వస్తే?"

"ఆ చేతిని ఇంక ఏ యార్డులోనూ పట్టుకోరు."

"ఇప్పుడు పట్టుకుంటున్నారా?"

పరదేశి చేతిలో దారం ఆగిపోయింది. అచ్చమ్మ గ్లౌజుల్ని తీసి కొంగులో దాచుకుంది.

"పంపింది ఎవరైనా వదిలింది నేనే గదే," అన్నాడు పరదేశి. "మొదటి బంతి నా చేతుల్లోకే వచ్చింది. పట్టుకోకుండా ఉండటానికే కష్టపడ్డాను. షావుకారు వచ్చి పక్కకి పడలేదు, నేను పడ్డాను."

"పడ్డావు. నువ్వు మంచోడివని నేననటం లేదు. నీ తప్పుకి నీకు వెయ్యమను, నేనే దగ్గరుండి వేయిస్తాను. వాళ్ళ తప్పు కూడా నీ నెత్తి మీద ఎందుకని అడుగుతున్నాను."

సరోజకి ఇందులో అనుమానాలేం లేవు. ఆమె చెవులారా విన్నది. శ్రీమన్నారాయణ గారు ఈ ఇంటి అరుగు మీదే నులకమంచంలో కూర్చుని, ఆమె ఇచ్చిన మజ్జిగ గ్లాసు చేత్తో పట్టుకుని చెప్పారు. "బాపులపాడు తోటకి కుటుంబరావు అడ్డం రాకూడదు. వెళ్ళి చెయ్యి కలిపి రా. తోట మనకి వదలమను, ఆట వాళ్ళకి వదిలేద్దాం." తోటి వర్తకుడి దగ్గరికి ఆట అమ్మడానికి తాను వెళితే పరువు తక్కువ. పరదేశి వెళితే ఏ పరువూ తక్కువ కాదు.

మజ్జిగ బావుందమ్మాయ్ అని కూడా అన్నారు. ఆ మాట గుర్తొస్తే సరోజకి ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

*

పొద్దు వాలుతుండగా చిన్నరాయప్ప వచ్చాడు. టీము కెప్టెన్ అతనే. మిగతావాళ్ళు సందు మొగలో నిలబడిపోయారు, గుమ్మం దాకా రాలేదు. సెమీఫైనల్ అయిన దగ్గర్నుంచి వాళ్ళెవరూ ఈ గుమ్మం తొక్కలేదు.

"కూర్చో రాయప్పా," అన్నాడు పరదేశి.

"కూర్చోను. నీతో మాట్లాడటానికి రాలేదు. వదినతో మాట్లాడాలి."

సరోజ చేతులు తుడుచుకుంటూ వచ్చి గడప లోపల నిలబడింది.

"రేపు నువ్వు కూడా వస్తున్నావంట గదా వదినా. మాస్టారి ముందు అంతా చెప్పేస్తావంట."

"ఎవరన్నారు?"

"ఎవరంటే ఏం. చెబుతావా?"

"ఈయన చెప్పకపోతే చెబుతాను."

చిన్నరాయప్ప నవ్వాడు. అందులో సంతోషం లేదు. "చెబితే ఏమవుద్దో తెలుసా? వీడికి ఒక్క ఏడాదే. యజమానే పంపాడని తేలితే టీముకి అయిదేళ్ళ బహిష్కారం. కమిటీ రూలు అది. టీము లేకపోతే పూత రోజుల్లో మాకు జీతమెవడిస్తాడు? వీడు మూడు గోల్సు వదిలాడు. నేను ముందునుంచి అరుస్తానే ఉన్నాను. బంతి తియ్యరా, బంతి తియ్యరా అని గొంతు పోయేలా అరిచాను. నాకేం తెలుసు, ఆట అమ్ముడుపోయిందని? ఊళ్ళో జనం మమ్మల్నందర్నీ ఒకే గాటన కట్టి తిట్టారు. పడ్డాం. ఇప్పుడు వీడి నోటికి కూడా మేమే బలి కావాలా?"

"పంపినోడు హాయిగా ఉంటే మీకు మండదా?"

"మండుద్ది. మండితే ఏం చేస్తాం, పొయ్యిలో పెట్టుకుంటామా?" చిన్నరాయప్ప గొంతు తగ్గించాడు. "ఒక్క మాట చెప్పు వదినా. వీడికి అన్యాయం జరిగిందంటున్నావు. సరే. మేం పదిమందిమి ఏ తప్పు చేశాం?"

పొద్దుట్నుంచి అత్తని, మరిదిని, మొగుణ్ణి నోరెత్తనివ్వని సరోజ చిన్నరాయప్ప ముందు చూపు గడప మీదికి దించుకుంది. వాళ్ళు ఏ తప్పూ చెయ్యలేదు. అది ఆమెకి తెలుసు. చిన్నరాయప్ప పెళ్ళామూ సరోజా ఒకే యార్డులో పక్కపక్కన కూర్చుని కాయ ఏరతారు.

"మా ఆయన కూడా మీలో ఒకడే గదా రాయప్పా," అంది చివరికి. "మీ కోసమైనా షావుకారుని ఒక్క మాట అడిగారా మీరు?"

చిన్నరాయప్ప పరదేశి వైపు చూడకుండానే సందు మొగకి వెళ్ళిపోయాడు.

ఆ పూట ఎవరూ అన్నం ముందు సరిగ్గా కూర్చోలేదు. అచ్చమ్మ ఒక్కతే తిట్టుకుంటూ వడ్డించింది. ఎవర్ని తిడుతోందో ఎవరూ అడగలేదు.

*

లీగు ఆఫీసంటే నూజివీడు యార్డులో ఒక రేకుల షెడ్డు. వేసంగిలో కాయ రాసులు పోసే చోటే బల్ల వేసి, బల్ల వెనక కుర్చీలు వేశారు. మధ్య కుర్చీ పక్కన శ్రీమన్నారాయణ గారు కూర్చున్నారు. ఆయన లీగుకి ఉపాధ్యక్షుడు. తన టీము మీద విచారణలో తనే కూర్చోవడం ఆయనకి ఇబ్బందిగా లేదు, కమిటీకీ లేదు. కుటుంబరావు గారికి అసలు కబురే వెళ్ళలేదు.

మధ్య కుర్చీలోని జోజిబాబు లీగు కార్యదర్శి, బళ్ళో డ్రిల్లు మాస్టారు. కమిటీలో వర్తకుడు కాని మనిషి ఆయనొక్కడే.

"పరదేశీ, ఇదే ఆఖరు," అన్నాడాయన. "ఆ రోజు జంక్షన్‌కి నీ అంతట నువ్వు వెళ్ళావా, ఎవరన్నా పంపారా?"

పరదేశి తన కాళ్ళకేసి చూసుకుంటున్నాడు. జోజిబాబు మళ్ళీ అడిగాడు.

"నేను మాట్లాడొచ్చాండి?" అంది సరోజ.

కమిటీలో ఒకాయన విసుక్కున్నాడు. జోజిబాబు చెయ్యెత్తి ఆపాడు. "ఇంటి మనిషి ఒకరు మాట్లాడొచ్చు. చెప్పమ్మా."

సరోజ బల్ల దగ్గరికి జరిగింది. "మా ఆయన గోల్సు వదిలాడండి. వదిలినందుకు ఏం వెయ్యాలో అది వెయ్యండి. కానీ తువ్వాలు కింద ఒక్క చెయ్యే ఉండదు గదండీ. రెండో చేతిని మీరు పిలవనే లేదు. ఇక ఈ చెయ్యి తనంతట తాను జంక్షన్ పోలేదు. మా అరుగు మీద కూర్చుని, నేనిచ్చిన మజ్జిగ తాగుతా పంపించారు. బాపులపాడు తోట కోసం పంపించారు. పంపినాయన మీ పక్కనే కూర్చున్నారండి."

జోజిబాబు శ్రీమన్నారాయణ గారి వైపు తిరిగాడు.

శ్రీమన్నారాయణ గారికి కోపం రాలేదు. కళ్ళజోడు తీసి పంచె అంచుతో తుడిచి మళ్ళీ పెట్టుకున్నారు. "ఆడపిల్లతో వాదనేంటి మాస్టారూ, నా వయసుకి బావుండదు. నింద వచ్చింది. లీగు పరువు నా టీము కన్నా ముఖ్యం. మీరు అయిదేళ్ళు బహిష్కరించేదాకా ఎందుకు, ఈ పూటే నేను టీము మూసేస్తున్నాను. మచ్చపడ్డ మనుషుల్ని యార్డులో పెట్టుకున్నా తప్పే. పదిమందినీ రేపట్నుంచి రావద్దని చెప్పండి."

"ఆడినోళ్ళ తప్పేముంది షావుకారుగారూ?" అన్నాడు జోజిబాబు.

"శిక్ష చాలలేదంటున్నది ఆ అమ్మాయే గదండీ. నేనేం పోగొట్టుకుంటాను, నాకు బంతి లేకపోతే ముద్ద దిగదా?"

నిజమే, ఆయన పోగొట్టుకునేది ఏమీ లేదు. బాపులపాడు తోట ఎప్పుడో ఆయన చేతికొచ్చింది.

గుమ్మం దగ్గర టీము నిలబడి ఉంది. అందరికన్నా ముందు చిన్నరాయప్ప, వెనకాల ఆంజనేయులు. చిన్నరాయప్ప ఒక్కడు రేకుల గోడకి తల ఆనించి కళ్ళు మూసుకున్నాడు.

అప్పుడు పరదేశి తలెత్తాడు. షావుకారుని చూడలేదు, పెళ్ళాన్ని చూడలేదు. గుమ్మం వైపు చూశాడు.

"మాస్టారూ, రాసుకోండి," అన్నాడు. "మా ఆవిడ అబద్ధం చెబుతోంది."

సరోజకి ముందు అర్థం కాలేదు. ఇంకెవరి గురించో అంటున్నాడనుకుంది.

"షావుకారు గారు మా అరుగు ఎక్కలేదండి. మజ్జిగ తాగలేదు. నన్నెవరూ పంపలేదు. ఆశపడి నేనే వెళ్ళాను, నేనే కలిపాను. ఇది మొగుడి మీద ప్రేమతో కల్పించి చెబుతోంది."

"నా మొహం చూసి చెప్పు పరదేశీ," అన్నాడు జోజిబాబు.

పరదేశి ఆయన మొహం చూసి, అదే మాట మొదట్నుంచీ చివరిదాకా మళ్ళీ చెప్పాడు. నోరు చిన్నదని పేరుపడ్డ మనిషి అంత పొడుగ్గా మాట్లాడటం సరోజ పెళ్ళయ్యాక వినలేదు.

జోజిబాబు కలం మూత పెట్టేశాడు. ఆయనకి నమ్మకం కుదరలేదని మొహమే చెబుతోంది. కానీ చెయ్యి కలిపినవాడే బేరం నాదేనంటుంటే, కాదని అనగలిగే కట్టుబాటు ఆ షెడ్డులో లేదు. నిషేధం అలాగే ఉంది. టీము కూడా అలాగే ఉంది. శ్రీమన్నారాయణ గారు పెద్దమనసు చేసుకుని తన మాట వెనక్కి తీసుకున్నారు.

"కమిటీ ముందు అబద్ధమాడినందుకు ఆ అమ్మాయికేంటి మరి?" అన్నాడు ఇందాక విసుక్కున్నాయన.

"ఆడకూతురు, పోనివ్వండి," అన్నారు శ్రీమన్నారాయణ గారు. "వేసంగిలో కాయ ఏరడానికి మాత్రం నా యార్డులోకి రానివ్వకండి. అది చాలు."

*

బయట ఎండ చురచురలాడుతోంది. పదిమందీ పరదేశికి దారి ఇచ్చారు. చిన్నరాయప్ప ముందుకొచ్చి అతని భుజం మీద చెయ్యి వేశాడు. ఇన్నాళ్ళకి వేశాడు. ఒకడు బీడీ అందించాడు, ఇంకొకడు నిప్పందించాడు. సరోజని ఎవరూ తిట్టలేదు. ఆమె అక్కడ లేనట్టే మసలుకున్నారు.

ఆంజనేయులు ఒక్కడు దగ్గరికొచ్చాడు. "వదినా, అన్నయ్య మా కోసం..."

"తెలుసు. నువ్వు వెళ్ళి గ్లౌజులు ఉతుక్కో," అంది సరోజ.

ఇంటికి వెళ్ళే ఆగిరిపల్లి బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. పరదేశి ఎక్కి, మెట్టు మీద ఆగి వెనక్కి తిరిగాడు.

"ఎక్కు."

"షావుకారు మజ్జిగ తాగాడా లేదా?" అంది కింద నిలబడి.

"సరోజా, జనం వింటున్నారు."

"ఇందాక కూడా విన్నారుగా. తాగాడా లేదా?"

"తాగాడు," అన్నాడు, పెదవులు కదిలీ కదలకుండా. "పదిమంది బతుకు బజార్న పడతా ఉంటే నేనేం చెయ్యను? నువ్వైతే ఏం చేసేదానివి?"

"ఏమో. నిన్ను మాత్రం అబద్ధాలకోరు అనేదాన్ని కాదు." సరోజ బస్సు మెట్టు దగ్గర్నుంచి ఒక అడుగు వెనక్కి వేసింది. "గుమ్మంలో పదిమందీ నీకు కనపడ్డారు బావా. పక్కన నేను కనపళ్ళేదు."

కండక్టర్ రైట్ చెప్పాడు. పరదేశి చెయ్యి చాచాడు. ఆమె ఆ చెయ్యి అందుకోలేదు. బస్సు వెళ్ళిపోతుంటే కిటికీలోంచి అతను ఏదో అన్నాడు. వినపడలేదు, వినాలని కూడా అనిపించలేదు.

దుమ్ము తగ్గేదాకా నిలబడింది. ఇంటికెళితే అత్త అడుగుతుంది, సందులో ఆడవాళ్ళు చూస్తారు. రేపటి నుంచి అబద్ధమాడిన మనిషి అంటారు. కట్టుకున్నవాడే అన్నాక ఊరికేం, అంటుంది. ఆ బేరంలో ఏం జరిగిందో తెలిసిన మనిషి ఇక ఒక్కడే మిగిలాడు. అతన్ని కమిటీ పిలవలేదు, ఎవరూ ఒక్క మాట అడగలేదు.

సరోజ రోడ్డు దాటి, అవతల ఆగి ఉన్న హనుమాన్ జంక్షన్ బస్సెక్కింది.

"ఎక్కడికమ్మా?" అన్నాడు కండక్టర్.

"జంక్షన్. కుటుంబరావు గారి యార్డు దగ్గర దింపండి."

"ఆయన టీమేగా ఫైనల్‌కొచ్చింది. చుట్టాలా?"

"కాదండి," అంది సరోజ. "ఆయనకి ఆట అమ్మినాయన పెళ్ళాన్ని."